సెవరెన్స్ ఒప్పందంపై అయిదు రోజుల్లో సంతకం చేయమంటున్నారు, చేయాలా?

శ్రీలత:

అందరికీ నమస్కారం. న్యూజెర్సీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఎనిమిదేళ్లుగా టెస్ట్ లీడ్‌గా పనిచేస్తున్నాను. వయసు 46. హెచ్1బీ వర్క్ వీసా మీద ఉన్నాను, గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 దరఖాస్తు మంజూరై చాలా కాలమైంది. నిన్న పొద్దున వీడియో కాల్ పెట్టి, మా ఆఫీసులో డెబ్బై మందిని తొలగిస్తున్నామని చెప్పారు. రెండు వారాల తర్వాత అందరికీ చివరి రోజు. దేశం మొత్తం మీద కంపెనీలో వెయ్యి మందికి పైగా ఉంటారు.

సాయంత్రానికి సెవరెన్స్ (ఉద్యోగం నుంచి తీసేసేటప్పుడు ఇచ్చే డబ్బు) ఒప్పందం వచ్చింది. సర్వీసు ఏడాదికి ఒక వారం చొప్పున ఎనిమిది వారాల జీతం ఇస్తారట. దానికి బదులుగా, కంపెనీ మీద ఎలాంటి దావా వేయబోనని నేను రాసివ్వాలి. అయిదు రోజుల్లో సంతకం పెట్టకపోతే ఆ డబ్బు రాదని రాశారు. మా ఇంట్లో సంపాదన నాది ఒక్కదానిదే. వచ్చింది పుచ్చుకుని సంతకం పెట్టేయమని మావారు అంటున్నారు. నాకెందుకో మనసొప్పడం లేదు. తెలిసినవారు చెప్పండి.

రాజ్యలక్ష్మి:

శ్రీలత గారూ, దయచేసి ఇప్పుడే సంతకం పెట్టకండి. నేను చాలా ఏళ్లు హెచ్ఆర్, పేరోల్ (జీతాల చెల్లింపు) పని చేశాను. ఇలాంటి కాగితాలు తయారుచేసి పంపిన వైపు ఉన్నదాన్ని కాబట్టి, మీ కాగితంలో ఏం జరుగుతున్నదో నాకు స్పష్టంగా కనిపిస్తున్నది.

అమెరికాలో సెవరెన్స్ ఇచ్చి తీరాలనే ఫెడరల్ చట్టం ఏదీ లేదు. దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ అది మీ సంతకానికి కంపెనీ కట్టే ధర. దావా హక్కు వదులుకుంటారు, డబ్బు తీసుకుంటారు. కానీ న్యూజెర్సీ సంగతి వేరు. 2023 ఏప్రిల్ 10 నుంచి అక్కడ అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం, వందమంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ రాష్ట్రంలో యాభైమందిని లేదా అంతకంటే ఎక్కువమందిని ఒకేసారి తీసేస్తే, పూర్తయిన ప్రతి ఏడాది సర్వీసుకు ఒక వారం జీతం ఇవ్వాల్సిందే. సంతకం పెట్టినా, పెట్టకపోయినా. పైగా 90 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఇంకో నాలుగు వారాల జీతం కలపాలి.

ఇప్పుడు మీ లెక్క చూడండి. ఎనిమిదేళ్లకు ఎనిమిది వారాలు, నోటీసు ఎగ్గొట్టినందుకు నాలుగు, మొత్తం పన్నెండు వారాలు. అది మీకు ఎలాగూ రావాల్సిన సొమ్ము. అందులో నాలుగు వారాలు కోసేసి, మిగిలిన ఎనిమిదినే మీ ముందు పెట్టి, దానికి మీ హక్కులన్నీ రాసివ్వమంటున్నారు. అంటే మీ సంతకానికి వాళ్లు కొత్తగా ఇస్తున్నది ఏమీ లేదు. ఇది చూసి నాకు నిజంగా కోపం వచ్చింది. చట్టప్రకారం వచ్చే ఈ సెవరెన్స్‌ను మీరు వదులుకుంటానని రాసిచ్చినా, రాష్ట్ర కార్మిక కమిషనర్ గానీ కోర్టు గానీ ఆమోదిస్తే తప్ప అది చెల్లదు. ఇతర దావాలు కూడా వదులుకోమంటే ఆ పన్నెండు వారాల మీద అదనంగా ఎంతిస్తారో వాళ్లు చెప్పాలి.

అయిదు రోజుల గడువు గురించి. మీకు నలభై దాటాయి. 1990 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం, నలభై దాటినవారిచేత వయసు వివక్ష దావాను వదులుకుంటున్నట్టు రాయించుకోవాలంటే, సామూహిక తొలగింపుల్లో ఆలోచించుకోవడానికి 45 రోజులు ఇవ్వాలి. సంతకం పెట్టాక కూడా వెనక్కి తీసుకోవడానికి 7 రోజులుంటాయి. దాంతోపాటు ఒక పట్టిక జతచేయాలి. మీ విభాగంలో ఏ హోదాలో, ఏ వయసువారిని తీసేశారో, ఎవరిని ఉంచారో అందులో ఉంటుంది. పేర్లుండవు. ‘టెస్ట్ లీడ్, 46, తొలగించినవారు 1, ఉంచినవారు 0’ అన్నట్టుగా వరుసలుంటాయి. ఆ పట్టికను తీరిగ్గా చదవండి. తీసేసినవారి వరుసల్లో అన్నీ నలభై, యాభై పైబడిన వయసులే కనిపిస్తే లాయరుకు చూపించాల్సిన మొదటి కాగితం అదే. అసలు పట్టికే పంపలేదంటే ఆ సంగతి కూడా లాయరుకు చెప్పండి.

కిరణ్:

రాజ్యలక్ష్మి గారు డబ్బు సంగతి చెప్పారు. హెచ్1బీ మీద ఉన్నవారికి డబ్బు కంటే తేదీ ముఖ్యమండి. ఉద్యోగం ముగిసిన మర్నాటి నుంచి 60 రోజులు, లేదా ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండవచ్చో చెప్పే పత్రం) గడువు, ఏది ముందైతే అంతవరకే అమెరికాలో ఉండటానికి సమయం. ఉద్యోగం ఎప్పుడు ముగిసిందన్నది మామూలుగా జీతం చెల్లించిన చివరి రోజును బట్టి చూస్తారు. సెవరెన్స్ కింద ఒకేసారి వచ్చే మొత్తం ఆ తేదీని ఒక్క రోజు కూడా పొడిగించదు.

నన్ను తీసేసినప్పుడు నేను ఎక్కువ డబ్బు అడగలేదు. ముగింపు తేదీని పొడిగించమని, అప్పటిదాకా పేరోల్‌లో ఉంచమని అడిగాను. ఒప్పుకున్నారు. మీ విషయంలో అడగడం ఇంకా తేలిక, ఎందుకంటే 90 రోజుల నోటీసు చట్టంలోనే ఉంది. పని చెప్పకుండా జీతం మాత్రమే ఇచ్చే కాలాన్ని ఇమిగ్రేషన్‌వారు ఎలా చూస్తారన్నది మాత్రం లాయరుతో ఖాయం చేసుకోండి. ఐ-140 మంజూరై 180 రోజులు దాటితే కంపెనీ వెనక్కి తీసుకున్నా మీ ప్రయారిటీ తేదీ (గ్రీన్‌కార్డు వరుసలో మీ స్థానాన్ని చెప్పే తేదీ) ఎక్కడికీ పోదు, ఆ దిగులు వద్దు. ఒకవేళ ఇండియాకు తిరిగి వెళ్లాల్సివస్తే మీ ప్రయాణ ఖర్చు కంపెనీదే.

శ్రీలత:

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. ఆ పట్టిక నాకు రాలేదు, ఈ రోజే అడుగుతాను. ఇంకో రెండు సందేహాలు. సెవరెన్స్‌లో పన్ను ఎక్కువగా కోస్తారని విన్నాను, నిజమేనా? మా అబ్బాయికి ఉబ్బసం ఉంది, ఇన్సూరెన్స్ ఆగిపోతే ఎలా?

రాజ్యలక్ష్మి:

సెవరెన్స్ మీద ఫెడరల్ పన్ను కింద సాధారణంగా 22 శాతం పట్టుకుంటారు. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్, రాష్ట్ర పన్ను వేరు. ఆ 22 శాతం చివరి లెక్క కాదు. రిటర్ను వేసినప్పుడు తేడా ఏదైనా ఉంటే సరిచేస్తారు.

ఇన్సూరెన్స్ ఏ రోజుతో ఆగుతుందో రాతపూర్వకంగా అడగండి. కొన్ని కంపెనీల్లో చివరి రోజుతో, కొన్నింటిలో ఆ నెలాఖరుతో ఆగుతుంది. తర్వాత కోబ్రా అనే ఫెడరల్ చట్టం కింద అదే ఇన్సూరెన్స్‌ను 18 నెలల దాకా కొనసాగించుకోవచ్చు. కంపెనీ భరించే వాటా కూడా మీరే కట్టాలి కాబట్టి భారం ఎక్కువ, మొత్తం ప్రీమియంలో 102 శాతం దాకా అడగవచ్చు. నిర్ణయానికి 60 రోజులుంటాయి, ఆలోగా ఎంచుకుని బకాయి కడితే ఆగిన రోజు నుంచే వర్తిస్తుంది. బాబుకు ఉబ్బసం కాబట్టి కొన్ని నెలల కోబ్రా ప్రీమియం కంపెనీయే కట్టాలని అడగండి. ఇలాంటి కోరికకు కంపెనీలు ఒప్పుకోవడం నేను చాలాసార్లు చూశాను.

హెచ్ఆర్‌కు ఈ రోజు రాసే మెయిల్ పొట్టిగా ఉంచండి. పట్టిక పంపమని, 45 రోజుల గడువు ఖాయం చేయమని, న్యూజెర్సీ చట్టం కింద రావాల్సిన పన్నెండు వారాలను ఒప్పందంతో సంబంధం లేకుండా ఎప్పుడు చెల్లిస్తారో చెప్పమని అడగండి. కోపం చూపకండి, ఫోనులో మాట్లాడుకుందామంటే ఒప్పుకోకండి. జవాబు ఏదైనా సరే, సంతకానికి ముందు ఉద్యోగ వ్యవహారాలు చూసే లాయరుకు ఆ ఒప్పందం ఒకసారి చూపించండి.