పడకుండానే అమ్మ పాదం ఎముక విరిగింది, ఎందుకు?

అమ్మకు 61 ఏళ్లు. పోయిన వారం వాకిట్లో ముగ్గు వేసి లేచి అడుగు వేసింది, అంతే. పడలేదు, దేనికీ తగల్లేదు. బెణికిందిలే అని రెండు రోజులు బామ్ రాసుకుంది. మూడో రోజుకు పాదం పైన బూరెలా పొంగి చెప్పు పట్టలేదు. చిటికెన వేలి వెనక ఎముక విరిగిందని ఎక్స్‌రేలో తేలింది. కట్టు కట్టి పంపారు. ఎందుకు విరిగిందో ఎవరూ చెప్పలేదు. కీళ్లవాతానికి నాలుగేళ్లుగా ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ వాడుతోంది. దానివల్లేనా? నాకు ఒకటే టెన్షన్.

జవాబు 1:
అయ్యుండొచ్చండి. స్టెరాయిడ్ నెలల తరబడి వాడితే ఎముకలు గుల్లబారతాయి. నెలసరి ఆగిన వయసు కూడా తోడైంది. ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ గురించి అడగండి. అందులో వచ్చే టీ-స్కోర్ మైనస్ 2.5 గానీ అంతకంటే కిందికి గానీ ఉంటే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముకలు గుల్లబారిన జబ్బు, అంటారు. స్టెరాయిడ్ మాత్రం మీ అంతట మీరు ఆపేయకండి, అది ప్రమాదం.

జవాబు 2:
మా అత్తయ్యకూ ఇలాగే అయింది. రక్తంలో విటమిన్ డి, కాల్షియం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూసి, ఎముకలు గట్టిపడటానికి వారానికో అలెండ్రోనేట్ మాత్ర ఇచ్చారు. పరగడుపున గ్లాసు నిండా మంచినీళ్లతో మింగి, అరగంట పడుకోకూడదు. ఆవిడ మింగగానే మళ్లీ నడుం వాల్చేది, గుండెల్లో ఒకటే మంట. తర్వాత ఏడాదికోసారి సెలైన్‌లా ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్‌కు మార్చారు. ఈ మందులతో అరుదుగా దవడ ఎముక దెబ్బతినొచ్చట, అందుకే దానికి ముందు పళ్లు చూపించుకోమన్నారు.

అడిగినవారు:
చాలా థ్యాంక్సండి. అమ్మకు కింది దవడ పన్ను ఒకటి కదులుతోంది. రేపు ముందు అది చూపిస్తాను.