సగం గదులు ఖాళీగా ఉంటే కొత్త సైన్స్ బిల్డింగుకి బాండ్ ఎందుకు? (కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలు)

పన్నుచీటీ:
కాలిఫోర్నియాలో ఏ ఎన్నిక వచ్చినా ఎక్కడో ఒక జిల్లాలో కమ్యూనిటీ కాలేజీ బాండ్, అంటే ఆస్తి పన్నుతో తీర్చే అప్పు, బ్యాలెట్ ఎక్కుతుంది. 2000లో ప్రాప్ 39 (ఓటర్లు ఆమోదించిన రాష్ట్ర ప్రతిపాదన) వచ్చాక 55 శాతం ఓట్లు పడితే చాలు. ఆ దారిన వచ్చే ఒక్కో బాండుకి, లక్ష డాలర్ల ఆస్తి మదింపు విలువ మీద ఏడాదికి 25 డాలర్ల దాకా పన్ను వేయొచ్చు. పది లక్షల మదింపు ఉన్న ఇంటికి 250 అన్నమాట. ఇవ్వడానికి బాధ లేదు, కానీ శుక్రవారం మధ్యాహ్నం క్యాంపస్ పార్కింగ్‌లో క్రికెట్ ఆడుకోవచ్చు. సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున 8 నుంచి రాత్రి 10 అంటే వారానికి 70 గంటలు. క్లాసులన్నీ సోమ-గురువారాల్లో 9 నుంచి 2 మధ్యే కుక్కితే వచ్చేది 20 గంటలు, అంటే 29 శాతం. ఉన్న గదులు వాడకుండా కొత్తవి కట్టడం ఏం లెక్క?

గంటల పట్టిక:
ప్రశ్న సరైనదే, కొలబద్ద సరైనది కాదు. 70కి 70 గంటలూ వాడాలని ఎవరూ అనరు. రాష్ట్ర నిబంధనల్లో (టైటిల్ 5) తరగతి గదికి వారానికి 48 గంటల వాడకం, ఆ గంటల్లో 66 శాతం సీట్లు నిండాలి అని ఉంది. వారపు విద్యార్థి గంటలు (విద్యార్థుల సంఖ్య × వారానికి క్లాసు గంటలు) 1,40,000 దాటే పెద్ద కాలేజీకైతే 48 బదులు 53. సీటుకి 15 చదరపు అడుగులు. 40 సీట్ల గది, అంటే 600 అడుగులు, వారానికి 48 × 0.66 × 40, సుమారు 1,267 విద్యార్థి గంటలు మోయాలి.

కాలేజీ గదులన్నీ ఇలా మోయగలిగిన మొత్తం 'కెపాసిటీ'. నిజంగా నడుస్తున్న విద్యార్థి గంటలు 'లోడ్'. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే క్యాప్-లోడ్. అది 100 శాతం దాటిందంటే అవసరానికి మించి చోటుందని అర్థం, అదనపు చోటు కోసం రాష్ట్రం ముందు చెయ్యి చాచడం కష్టం. ఓటర్లు ఇచ్చే స్థానిక బాండుకి మాత్రం ఆ అడ్డు లేదు. అందుకే మీలాంటివాళ్ళు అడగాలి, అందులో పేచీ లేదు.

ఇక గంటలు ఎక్కడ పోతాయంటారా, ఎక్కువ భాగం టైమ్‌టేబుల్లోనే. 3 యూనిట్ల (క్రెడిట్ల) క్లాసు వారానికి రెండు రోజులు, 85 నిమిషాలు. వరస 8:00, 9:35, 11:10, 12:45 అనుకోండి. ఒక ప్రొఫెసర్ తన వీలు కోసం 10:00కి మొదలుపెట్టి 11:25కి ముగిస్తే రెండు స్లాట్లు చచ్చాయి. కాల్క్యులస్ లాంటి 5 యూనిట్ల కోర్సు రెండు రోజులే పెడితే రోజుకి 2 గంటల 15 నిమిషాలు. 9:35కి మొదలైతే 11:50కి తేలుతుంది, ఆ తర్వాత 12:45 దాకా 55 నిమిషాలు ఎవరికీ పనికిరావు. మందు చిన్నదే: 5 యూనిట్ల కోర్సులకి విడిగా రెండు మూడు గదులిచ్చి 8:00, 10:15 దాటాక 10:25, 12:40 దాటాక 12:50 అని వరసగా నడపాలి. వాటిని 3 యూనిట్ల వాటితో కలిపితే రెండూ చెడతాయి.

సీట్ల సంగతి వేరు. ఇంగ్లీషు సెక్షన్‌కి పరిమితి 28 పెట్టి 45 సీట్ల గదిలో కూర్చోబెడితే, సెక్షన్ పూర్తిగా నిండినా 62 శాతమే. 'అది మా డిపార్ట్‌మెంట్ గది' అనే మాట వినిపించినంత కాలం ఇది మారదు.

పిపెట్:
తరగతి గదుల వరకూ పైవన్నీ ఒప్పుకుంటాను. ల్యాబుల దగ్గరికి అదే కర్ర పట్టుకుని రాకండి. గాజు కిటికీలోంచి ఖాళీగా కనిపించే ల్యాబ్ చాలాసార్లు పనిలో ఉన్న ల్యాబే.

మైక్రోబయాలజీ చూడండి. సోమవారం ప్లేట్ మీద బ్యాక్టీరియాతో గీత గీస్తే, 37 డిగ్రీల దగ్గర 24 నుంచి 48 గంటలు పెరిగాక బుధవారం చూడాలి. అందుకే ఆ క్లాసు రెండు రోజులు విడివిడిగా ఉండాలి, ఒకే రోజుకి కుదించలేం. మీడియాని (బ్యాక్టీరియా పెరిగే ఆహారాన్ని) ఆటోక్లేవ్‌లో, అంటే ఆవిరితో క్రిములు చంపే యంత్రంలో, 121 డిగ్రీలు, 15 పౌండ్ల ఒత్తిడిలో పెట్టాలి. చిన్న ట్యూబులకి 15 నిమిషాలు చాలు, పెద్ద ఫ్లాస్కులకి అంతకంటే చాలా ఎక్కువ. 50 డిగ్రీలకి దిగాక పోయాలి. వేడిగా పోస్తే మూతల మీద నీరు పట్టి కాలనీలు ఒకదాంట్లోకి ఒకటి జారతాయి. ఇదంతా క్లాసు లేని గంటల్లో జరిగే పని. రోగాలు తెచ్చే బ్యాక్టీరియా ఉంచే గదిలో తినకూడదు, తాగకూడదు. ఖాళీ ఉంది కదా అని మధ్యాహ్నం ఇంగ్లీషు క్లాసుకిస్తే కాఫీ కప్పులతో వచ్చేస్తారు.

కెమిస్ట్రీలో అసలు అడ్డు ఎవరూ చూడని చోట ఉంటుంది: డ్రాయర్లు. ప్రతి విద్యార్థికీ గాజుసామాను పెట్టుకునే, తాళం ఉన్న డ్రాయర్ ఒకటి. 24 చోట్లున్న ల్యాబులో ఒక్కో చోటు కింద నాలుగు డ్రాయర్లుంటే 96 మంది, అంటే నాలుగు సెక్షన్లు. జనరల్ కెమిస్ట్రీకి వారానికి 6 ల్యాబ్ గంటలు వేసుకుంటే మొత్తం 24 గంటలు. ఐదో సెక్షన్‌కి గంటలున్నాయి, గది ఉంది, డ్రాయర్ లేదు.

పన్నుచీటీ:
డ్రాయర్ల సంగతి నిజంగా కొత్త. కానీ ల్యాబులకి రాష్ట్ర ప్రమాణం 48 గంటలు కాదు కదా, 27.5 గంటలే. 70లో మిగతా 42.5 గంటలూ మీ ఆటోక్లేవ్‌కీ, గాజుసామానుకీ వదిలేసినట్టే. ముందే ఇచ్చిన రాయితీని మళ్ళీ సాకుగా చూపిస్తే ఎలా?

గంటల పట్టిక:
ఈ పాయింటు పన్నుచీటీ గారిదే. ప్రమాణం వారానికి 27.5 గంటలు, 85 శాతం సీట్లు. ఫిజికల్ సైన్సెస్‌లో 100 విద్యార్థి గంటలకి 257 చదరపు అడుగులు అని పట్టికలో ఉంటుంది. ఒక్కో చోటుకి 60 అడుగులు, దాన్ని 27.5 × 0.85తో భాగిస్తే అదే వస్తుంది. కంప్యూటర్ కోర్సులకి 171, అంటే చోటుకి 40 అడుగులు. ఆటో టెక్నాలజీకి 856, అంటే 200 అడుగులు, కారు పట్టాలి మరి. ప్రిపరేషన్ గది, స్టాక్‌రూమ్ కూడా ఈ అడుగుల్లోనే. కాబట్టి పిపెట్ గారి 24 గంటల ల్యాబ్ గంటల ప్రమాణంలో 87 శాతం దగ్గర నడుస్తోంది. పెద్ద నేరం కాదు. కానీ గోడలు పగలగొట్టకుండా ఐదో సెక్షన్ పెట్టే దారి ఉంది: సొంత డ్రాయర్లు తీసేసి, ఉమ్మడి కిట్లు ట్రేల్లో పెట్టి ప్రతి క్లాసుకీ తిప్పడం.

పిపెట్:
ట్రేలు తిప్పితే కడిగేది ఎవరు? విద్యార్థి తన డ్రాయర్‌లోది తనే కడుక్కుంటాడు, ఉమ్మడి సామాను ఎవరిదీ కాదు. మురికి బ్యూరెట్‌లో (కొలత గీతలున్న గాజుగొట్టంలో) నీళ్ళు చుక్కలుగా అంటుకుపోతాయి, టైట్రేషన్ లెక్క తప్పుతుంది. రెండు సెక్షన్ల మధ్య కనీసం అరగంట, ఒక టెక్నీషియన్ కావాలి: బ్యూరెట్లు కడగడం, త్రాసులు తుడవడం, వ్యర్థాల సీసా నిండితే మార్చడం. అది జీతం, బిల్డింగ్ కాదు. ప్రాప్ 39 బాండ్ డబ్బు కట్టడానికీ, బాగు చేయడానికీ, సామాను అమర్చడానికే. జీతాలకి వాడకూడదని అందులోనే ఉంది. కాలేజీ దగ్గర కాంక్రీటుకి డబ్బుంటుంది, టెక్నీషియన్‌కి ఉండదు. రాత్రి క్లాసులు లేకపోవడానికీ ఇదే పెద్ద కారణం.

తాళంచెవి:
గదుల జాబితా వైపు నుంచి రెండు మాటలు. క్యాప్-లోడ్ అంకెని చూసి మోసపోకండి, పెంచొచ్చు, దించొచ్చు. జాబితాలో ప్రతి గదికీ వాడకాన్ని బట్టి ఒక కోడ్ ఉంటుంది: తరగతి గదికి 110, క్లాస్ ల్యాబుకి 210, ఓపెన్ ల్యాబుకి 220. పాత పోర్టబుల్ గదుల్ని 050లోకి, అంటే వాడకంలో లేనివాటిలోకి నెడితే కెపాసిటీ ఒక్క రోజులో పడిపోతుంది, కాలేజీ 'ఇరుకు'గా కనిపిస్తుంది. నిజంగా మూసేసి, కూల్చబోతున్న గదైతే న్యాయమే. అక్కడ ఇంకా మీటింగులు నడుస్తుంటే కాదు.

రెండోది: తరగతి గదులు మిగిలాయి కాబట్టి వాటినే ల్యాబులు చేయండి అంటారు. వినడానికి బాగుంటుంది. ఫ్యూమ్ హుడ్ (విషవాయువుల్ని బయటికి లాగే పెట్టె) ముఖం దగ్గర గాలి సగటున నిమిషానికి 100 అడుగుల వేగంతో లోపలికి పోవాలి, ఏ బిందువులోనూ 70కి తగ్గకూడదు, ఇది కాల్-ఓషా (రాష్ట్ర పని భద్రతా విభాగం) నిబంధన. ఆ గాలి పైకప్పు దాకా పోవడానికి డక్టు కావాలి, పోయినంత గాలి బయటినుంచి తెచ్చి చల్లబరిచో వెచ్చబరిచో లోపలికి పంపాలి. పాత తరగతి బ్లాకుల్లో శ్లాబుకీ ఫాల్స్ సీలింగ్‌కీ మధ్య ఆ డక్టు పట్టదు. యాసిడ్ డ్రెయిన్, గ్యాస్, పది సెకన్లలో అందే ఐవాష్ (కళ్ళు కడుక్కునే కుళాయి) కూడా ఉండాలి. మిగిలిన గదిని కంప్యూటర్ ల్యాబ్ చేయడం సులువు, కెమిస్ట్రీ ల్యాబ్ చేయడం దాదాపు కొత్తగా కట్టడమే.

ఆ కంప్యూటర్ ల్యాబులు కూడా చాలాచోట్ల మిగిలిపోయాయి. 2017 నాటి ఏబీ 705 అనే రాష్ట్ర చట్టం తర్వాత ఎక్కువమందిని నేరుగా యూనివర్సిటీ స్థాయి లెక్కల్లోకి పంపుతున్నారు. అంతకుముందు రెమెడియల్ లెక్కల (పాత పాఠాలు మళ్ళీ చెప్పే కోర్సుల) కోసం వరసలుగా కంప్యూటర్లు పెట్టిన గదులకి ఇప్పుడు పని తక్కువ.

కొత్తమెంబర్:
ఒక సందేహం. మన ఊళ్ళ డిగ్రీ కాలేజీల్లో ఇంత లెక్క ఎప్పుడూ వినలేదే?

గంటల పట్టిక:
అక్కడ గది సెక్షన్‌ది. పిల్లలు కూర్చునే ఉంటారు, లెక్చరర్ మారతాడు. సెక్షన్ మొత్తం ప్రాక్టికల్స్‌కి పోతే గదికి తాళమే, అది ఎవరి లెక్కలోకీ రాదు. ఇక్కడ గది గంటలది, విద్యార్థే తిరుగుతాడు. అందుకే గంటకి గంట కొలవగలుగుతున్నారు.

ఒక పక్క మాట: 15 అడుగుల సీటు చేతిపలక కుర్చీల కాలం నాటి లెక్క. లాప్‌టాప్‌తో బల్ల చుట్టూ నలుగురిని కూర్చోబెట్టాలంటే 20 నుంచి 25 కావాలి. అదే గదిలో సీట్లు తగ్గించి బల్లలు వేస్తే నిజం చోటు ఇరుకవుతుంది, కాగితం మీద లెక్క అడుగుల్లోనే కాబట్టి చెక్కుచెదరదు.

పన్నుచీటీ:
సరే, ఓటు వేసేముందు ఏం అడగాలి? శాతాలు వద్దు.

గంటల పట్టిక:
పబ్లిక్ రికార్డ్స్ చట్టం కింద రాయండి, పది రోజుల్లో ఇస్తామో లేదో చెప్పాలి. అడగాల్సింది గదివారీ షీటు: గది నంబరు, కోడ్, చదరపు అడుగులు, సీట్లు, ఒక ఫాల్ సెమిస్టర్‌లో ప్రతి సెక్షన్ రోజు, సమయం, సెన్సస్ తేదీ నాటి నమోదు. సెన్సస్ అంటే టర్మ్ 20 శాతం గడిచాక తీసే లెక్క. మొదటి వారం అంకె తీసుకోవద్దు, ఉబ్బి ఉంటుంది. ఆన్‌లైన్ సెక్షన్లు తీసేయండి, వాటికి కుర్చీ అక్కర్లేదు. 110, 210 వేరు చేసి, రోజు అడ్డంగా, అరగంట నిలువుగా రంగులు వేసుకోండి. 110లో మంగళవారం 11 గంటలకి కూడా ఖాళీలుంటే తరగతి గదులు కట్టనక్కర్లేదు. 210లో ఒక్కో సబ్జెక్టుకి విడిగా చూడండి, బయాలజీ ఖాళీ కెమిస్ట్రీకి పనికిరాదు. దాంతోపాటు గత అయిదేళ్ళలో కోడ్ మారిన గదుల జాబితా.

పిపెట్:
వెయిట్‌లిస్టు కూడా. ల్యాబ్ సెక్షన్లకి సెన్సస్ నాటికి ఎంతమంది బయట నిలబడ్డారో చూడకుండా ఖాళీ గంటలు లెక్కపెడితే సగం కథే.

పన్నుచీటీ:
ల్యాబులకి నా ఓటు రావచ్చు. కానీ 'సైన్స్ సెంటర్' అనే పేరు పెట్టి కింది అంతస్తులో పన్నెండు తరగతి గదులు, ఒక ఈవెంట్ హాలు కలిపి పెట్టే ప్లాన్‌కి రాదు. అవి తీసేసి తెమ్మనండి.

తాళంచెవి:
కింది అంతస్తు లేకుండా పై అంతస్తు కట్టలేరు సార్. ల్యాబులు పైన పెట్టేదే డక్టుల కోసం.

పన్నుచీటీ:
అయితే కింద స్టాక్‌రూమ్, ఆటో షాపు పెట్టండి. ఇంతకీ ఆ డ్రాయర్ల లెక్క షీటులో వస్తుందా?

పిపెట్:
రాదు. స్టాక్‌రూమ్ కిటికీ దగ్గర అడగాలి.