మెనింజైటిస్ తగ్గింది, మతిమరుపు మిగిలింది: స్టెరాయిడ్ మళ్లీ మొదలుపెట్టమనాలా?

తమ్ముడికోసం:
మా తమ్ముడికి 29 ఏళ్లు. మూడు నెలల క్రితం బ్యాక్టీరియా మెనింజైటిస్ (మెదడు చుట్టూ ఉండే పొరల వాపు) వచ్చింది. వెన్నునీరు తీసి చూస్తే న్యూమోకాకస్ అనే బ్యాక్టీరియా అన్నారు. ప్రాణం దక్కింది, అదే పదివేలు. కానీ పొద్దున ఏం తిన్నాడో మధ్యాహ్నానికి గుర్తుండట్లేదు. షాపులో ఒకరికే రెండుసార్లు చిల్లర ఇచ్చేస్తున్నాడు. ఆసుపత్రిలో డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ నాలుగు రోజులే ఇచ్చి ఆపేశారు. తొందరపడ్డారా? (ఊళ్లో మెదడువాపు అనగానే దోమ కుట్టిందా అని అడుగుతున్నారు. చెప్పలేక చస్తున్నా.)

నైట్‌డ్యూటీ_నర్సు:
తొందరపడలేదండీ, దాని కోర్సే నాలుగు రోజులు. యాంటీబయాటిక్ పడగానే బ్యాక్టీరియా పగిలి, దాని గోడ ముక్కలు వెన్నునీటిలో కలుస్తాయి. వాటి మీదికి మన రక్షణ కణాలు ఎగబడతాయి. మెదడుకు జరిగే నష్టంలో చాలా వరకు ఆ గొడవలోదే. అందుకే స్టెరాయిడ్‌ను మొదటి యాంటీబయాటిక్ డోసుకు కాస్త ముందో, దాంతోపాటో ఇస్తారు. 2002లో వచ్చిన యూరప్ ట్రయల్‌లో 301 మంది పెద్దవాళ్లున్నారు. వాళ్లలో న్యూమోకాకస్ సోకినవాళ్లను చూస్తే, స్టెరాయిడ్ లేనివాళ్లలో 34 శాతం మంది చనిపోగా, ఇచ్చినవాళ్లలో 14 శాతం మందే చనిపోయారు. మూడు నెలలయ్యాక మళ్లీ మొదలుపెడితే షుగరు పెరగడం, నిద్ర చెడడమే మిగులుతుంది.

కృష్ణలంక_కుర్రాడు:
మా నాన్నకి వారాల తరబడి ఇచ్చారే మరి?

నైట్‌డ్యూటీ_నర్సు:
అది టీబీ మెనింజైటిస్ అయ్యుంటుంది తమ్ముడూ. దాని లెక్క వేరు. డిశ్చార్జి కాగితం చూడు.

ల్యాబ్‌లో_ఎలుక:
ఒక మెలిక. జ్ఞాపకాలకు ముఖ్యమైన చోటు హిప్పోక్యాంపస్. మెనింజైటిస్ తెప్పించిన ఎలుక పిల్లల్లో డెక్సామెథాసోన్ ఇస్తే అక్కడి కణాలు ఇంకా ఎక్కువ చచ్చిపోయాయి. మనుషుల్లోనూ అంతే అనడానికి లేదు, ప్రాణం కాపాడే మందును కాదనే పనీ లేదు. కానీ వాపు తగ్గితే మతి కూడా నిలుస్తుందనే లెక్క అంత సూటిగా లేదు. ఆఫ్రికాలోని మలావీలో ఈ స్టెరాయిడ్ మీద చేసిన ట్రయల్స్‌లో అసలు ఉపయోగమే కనపడలేదు. బ్యాక్టీరియాను పగలగొట్టకుండా చంపే డాప్టోమైసిన్ లాంటి మందులను జంతువుల్లో చూశారు. మన వార్డుల్లో అది ఇంకా మామూలు పద్ధతి కాలేదు.

సరస్వతి_ఆకు:
రోజూ సరస్వతి ఆకు పచ్చడి, పసుపు పాలు ఇవ్వండి. మా అమ్మాయికి బాగా పనిచేసింది.

నైట్‌డ్యూటీ_నర్సు:
పచ్చడి తినండి, రుచిగానే ఉంటుంది. మందు అనుకోవద్దు. ఫిట్స్ మాత్రలు వాడుతుంటే వాటితో మత్తుగా, చిరాగ్గా ఉండొచ్చు. డాక్టర్ని అడక్కుండా మాత్రం ఆపకండి.

లెక్కల_మాస్టారు:
నాకూ ఇదే జబ్బు, ఐదేళ్లయింది. నేను మతిమరుపు అనుకున్నదాంట్లో సగం మతిమరుపు కాదు, వినపడకపోవడం. ఎడమ చెవి పోయిందని ఏడాదికి గానీ తెలియలేదు. అప్పటికి లోపలి చెవిలో ఎముక పెరిగింది. చెవి పరీక్ష డిశ్చార్జికి ముందే చేయాల్సింది, నాకెవరూ చెప్పలేదు. రెండోది అలుపు. మధ్యాహ్నం గంట పడుకున్న రోజు సాయంత్రం క్లాసులో పేర్లన్నీ గుర్తొస్తాయి, పడుకోకపోతే ఎక్కం కూడా తడబడుతుంది. జేబులో చిన్న పుస్తకం పెట్టుకున్నా. మొదట్లో పిల్లలు నవ్వేవాళ్లు, ఇప్పుడు "సార్, రాసుకోండి" అని వాళ్లే అంటారు. తమ్ముడికి ఏం పోయిందో, ఏం మిగిలిందో తేల్చే పరీక్ష చేయించమ్మా. తెలుగులోనే ప్రశ్నలడిగే పరీక్షలున్నాయి, న్యూరాలజీ విభాగంలో అడుగు.

తమ్ముడికోసం:
నిన్న చెవి పరీక్ష చేయించాం మాస్టారూ. కుడి చెవి బాగా తక్కువుంది. షాపులో కస్టమర్లు నిలబడేది కుడివైపే. రేపు గల్లాపెట్టె జరిపిస్తున్నా. మెమరీ పరీక్షకు వచ్చే మంగళవారం రమ్మన్నారు.