ఎండల్లో పెరటి బాతులు ఉన్నట్టుండి కూలబడుతున్నాయి: ఇది వడదెబ్బేనా?

ప్రశ్న (చంద్రగిరి మండలం నుంచి)

మా పెరట్లో 12 నాటు బాతులు ఉన్నాయి. పగలంతా పెరటి చివర ఉన్న కుంటలో తిరిగి, పొద్దు వాలాక గూటికి చేరుకుంటాయి. రోహిణి కార్తె మొదలైనప్పటి నుంచి కుంటలో నీరు బాగా ఇంకిపోయి, చీలమండ లోతున పచ్చటి బురదనీరు మాత్రమే మిగిలింది. నిన్న ఉదయం రెండు బాతులు గట్టు మీద కూలబడి, లేపి నిలబెట్టినా కాళ్లు ఆనించలేకపోయాయి. సాయంత్రానికి మూడోదానికీ అదే స్థితి వచ్చింది. మొదటి రెండింటిలో ఒకదాని మెడ ఇప్పుడు పూర్తిగా నేలకు వాలిపోయింది. నూకలు చూపితే తల ఎత్తబోతుంది గానీ ఎత్తలేకపోతోంది. వాటికి ఒంటి మీద గాయాలేమీ లేవు, నోరు తెరిచి రొప్పడం కూడా లేదు. రెట్ట కాస్త పచ్చగా, పలుచగా ఉంది. మేతగా తవుడు, నూకలు, కొద్దిగా వేరుశనగ చెక్క పెడుతున్నాము.

వడదెబ్బ తగిలింది కాబట్టి మజ్జిగ పోయమని కొందరు, కొక్కెర తెగులు కాబట్టి కోళ్ల మందు వేయమని కొందరు చెబుతున్నారు. పడిపోయిన వాటికి ఏమి చేయాలో, తక్కిన తొమ్మిదింటిని ఎలా కాపాడుకోవాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (పశువైద్యురాలు, పుత్తూరు)

ముందుగా తొమ్మిది బాతులనూ ఇప్పుడే ఆ కుంట నుంచి తప్పించి, నీడలో కట్టేసి ఉంచండి. మిగిలినది తరువాత చదవవచ్చు. పడిపోయిన మూడింటిని విడిగా, గాలి ఆడే చోట, గోనెసంచి మీద బోర్లా కూర్చోబెట్టి, మెడ కింద చుట్టిన గుడ్డను ఎత్తుగా పెట్టండి. మెడ నిలవని బాతు దగ్గర లోతైన నీళ్ల గిన్నె ఉంచకూడదు, ఎందుకంటే ఈ స్థితిలో ఉన్న బాతులు తరచుగా జబ్బుతో కంటే ముందే తల నీటిలో మునిగి ఊపిరాడక చనిపోతాయి. మజ్జిగైనా, మందైనా నోట్లో పోయకండి. బాతు నాలుక మొదట్లోనే గాలిగొట్టం తెరుచుకొని ఉంటుంది కాబట్టి, మింగలేని పక్షికి పోసిన ద్రవం నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

మీరు రాసిన లక్షణాలను బట్టి ఇది వడదెబ్బలా అనిపించడం లేదు. వడదెబ్బ తగిలిన బాతు నోరు తెరిచి రొప్పుతుంది, రెక్కలను ఒంటికి ఎడంగా పెట్టుకుంటుంది, పట్టుకుంటే ఒళ్లు కాలిపోతున్నట్టు ఉంటుంది. తూలినా మెడలో బిగువు మాత్రం ఉంటుంది. బాతుకు చెమట పట్టదు, ఒంట్లోని వేడి ఎక్కువగా ముక్కు నుంచి, కాళ్ల నుంచి, రొప్పడం వల్ల బయటికి పోతుంది. అందుకే వడదెబ్బ తగిలిన దాన్ని నీడకు చేర్చి, కాళ్లను చల్లటి కుండనీళ్లలో ఉంచి, ఒంటిని తడిపితే త్వరలోనే తేరుకోవడం మొదలుపెడుతుంది. ఐసు నీళ్లు మాత్రం వాడకూడదు.

మీ బాతులకు ముందు కాళ్లు, తరువాత మెడ పట్టు తప్పాయి, మెలకువ మాత్రం ఉంది, రొప్పు లేదు, నీరు అడుగంటి కుళ్లిన కుంట ఉంది. ఇవన్నీ కలిపి చూస్తే నాకు మొదట బొట్యులిజం మీదే అనుమానం కలుగుతోంది. క్లాస్ట్రీడియం బొట్యులినం అనే సూక్ష్మజీవి గాలి చొరని కుళ్లులో, ఎండ వేడికి పెరిగి విషాన్ని తయారుచేస్తుంది. బాతుల్లో సాధారణంగా కనిపించేది సి రకం. ఆ విషం నరాల నుంచి కండరాలకు అందే ఆజ్ఞను ఆపివేస్తుంది కాబట్టి కాళ్లు, రెక్కలు, కనురెప్పలు, చివరికి మెడ వేలాడిపోతాయి. ఊపిరి తీసే కండరాల దాకా పాకితే పక్షి బతకదు.

మరో రెండు జబ్బులను కూడా మరచిపోకూడదు. బాతుల ప్లేగు హెర్పిస్ వైరస్ వల్ల వస్తుంది: బాతు వెలుతురు చూడలేక కళ్లు మూసుకుంటుంది, రెప్పలు అతుక్కుంటాయి, నీళ్ల విరేచనాల్లో రక్తపు జీర కనిపించవచ్చు, కండపట్టి ఉన్న పెద్ద బాతులే హఠాత్తుగా చనిపోతాయి. దానికి చికిత్స లేదు, టీకా ఒక్కటే రక్షణ. పాశ్చురెల్లా అనే బాక్టీరియా వల్ల వచ్చే కలరాలో జ్వరంతో, కొన్నిసార్లు ఏ లక్షణమూ కనపడకుండానే రాత్రికి రాత్రే మరణాలు వస్తాయి. కొక్కెర తెగులు వైరస్ బాతులకు సోకినా, అవి దానితో జబ్బుపడడం చాలా అరుదు. పైగా పేరు తెలియని కోళ్ల మందు బొట్యులిజంలో ఏ విధంగానూ పనికిరాదు.

1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం గురించి చెబుతారు. మీకు తిరుపతి దగ్గరే కాబట్టి, శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కళాశాల ఆసుపత్రికి ఒక బాతును తీసుకువెళ్లడం ఇంకా మంచిది. ఏదైనా చనిపోతే ఇంట్లో కోయకండి, వండకండి. 2024 ఫిబ్రవరిలో పక్కనున్న నెల్లూరు జిల్లాలో బర్డ్ ఫ్లూ బయటపడిన సంగతి గుర్తుంచుకోవాలి. బాతులు ఆ వైరస్‌ను పైకి కనపడకుండా మోయగలవు. చనిపోయిన పక్షిని చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని తీసి, మరో సంచిలో కట్టి పరీక్షకు అప్పగించండి.

జవాబు (బాతుల పెంపకందారు, శ్రీకాళహస్తి)

డాక్టరు గారు చెప్పినదానికి ఒక్క మాట చేరుస్తున్నాను. కుంట గట్టంతా, తుంగ మొదళ్లు, రాళ్ల సందులతో సహా, కర్రతో కెలికి చూడండి. చచ్చిన చేపగాని, ఎలుకగాని, మీకు తెలియకుండా నిన్నటికంటే ముందే చనిపోయిన మరో పక్షిగాని దొరకవచ్చు. దాని మీద పట్టే తెల్లపురుగులే అసలు ప్రమాదం: కుళ్లిన మాంసంలోని విషం పురుగుల ఒంట్లో చేరుతుంది, వాటికేమీ కాదు, వాటిని ఇష్టంగా ఏరుకు తినే బాతు పడిపోతుంది. అది చచ్చి కుళ్లితే దాని మీద మళ్లీ పురుగులు పడతాయి. అందుకే మాలాంటి వాళ్లం వేసవిలో రోజూ పొద్దున్నే మందను వదలడానికి ముందు గట్టు చుట్టూ ఒకసారి నడిచి, కళేబరం కనిపిస్తే లోతుగా గుంత తీసి సున్నం చల్లి పూడుస్తాము.

మెడ ఇంకా పూర్తిగా పడిపోని వాటి మీద ఆశ వదులుకోకండి. నీడ, మంచినీళ్లు, మనిషి కాపలా దొరికితే ఇలాంటివి చాలావరకు రెండు మూడు రోజుల్లో లేచి నిలబడతాయి. ముక్కు అంచు నీటికి తగిలేలా పళ్లెం వంచి పట్టుకుంటే, మింగగలిగినది తనంతట తానే తాగుతుంది. చీమలు పట్టకుండా, ఒకే పక్క ఒరిగి పుండ్లు పడకుండా అప్పుడప్పుడు పక్క మార్చాలి. ఈ పని ఓపికతో చేయవలసినది; ఇంట్లో ఒకరు దీనికోసమే ఉంటే తేడా స్పష్టంగా తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు

మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. కుంట అవతలి గట్టున తుంగలో చచ్చిన చేపలు కనిపించాయి, వాటి నిండా పురుగులే. మెడ వాలిన బాతు రాత్రి చనిపోయింది. దాన్ని, పడిపోయిన వాటిలో బతికున్న రెండింటినీ తిరుపతి ఆసుపత్రికి తీసుకువెళ్లాము. చనిపోయిన బాతును కోసి చూసి, ప్లేగులో లోపల కనిపించే రక్తపు మచ్చలు గాని, అన్నవాహికలో పొరలు గాని లేవని, బొట్యులిజం గానే భావించి చూసుకోవాలని చెప్పారు. మింగగలుగుతున్న రెండింటికి కడుపులోని విషం బయటికి పోవడానికి ఎప్సమ్ ఉప్పు కలిపిన నీళ్లను వారే కొలిచి ట్యూబు ద్వారా ఎక్కించారు. విరుగుడు సీరం దొరకడం కష్టమన్నారు. ఈ ఉదయం ఒక బాతు కాళ్లు కూడదీసుకొని రెండడుగులు వేసింది. తొమ్మిదింటిలో కొత్తగా ఏదీ పడలేదు. వీటిని మళ్లీ కుంటలోకి ఎప్పుడు వదలవచ్చు?

జవాబు (దాణా వ్యాపారి, పలమనేరు)

కుంట సంగతి డాక్టరు గారే చెబుతారు. మీ మేతలో వేరుశనగ చెక్క ఉంది కాబట్టి నేనొక హెచ్చరిక చేయాలనుకుంటున్నాను. మన జిల్లాల్లో వేరుశనగ చెక్క చవకగా దొరుకుతుంది గానీ, తేమ తగిలి బూజు పట్టిన చెక్కలో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. దానికి కోళ్లకంటే బాతులు, అందులోనూ పిల్లలు, ఎన్నో రెట్లు తొందరగా లొంగిపోతాయి. 1960లో ఇంగ్లాండులో వేలకొద్దీ టర్కీ కోళ్లు చనిపోయినప్పుడు, బాతుపిల్లలు కూడా చనిపోయాయి. కారణం వెతికితే తేలింది బూజుపట్టిన వేరుశనగ పిండే. ముక్కిన వాసన వచ్చినా, విరిస్తే లోపల పచ్చగానో నల్లగానో కనిపించినా ఆ చెక్కను పారేయండి. ఎండబెట్టినా ఉడికించినా ఆ విషం పోదు. వానలు మొదలయ్యాక బస్తాను నేల మీద కాకుండా చెక్కబల్ల మీద పెట్టి, కొద్దికొద్దిగా మాత్రమే కొనండి.

జవాబు (పశువైద్యురాలు, పుత్తూరు)

రెండడుగులు వేసిన బాతు తేరుకుంటుందని నమ్ముతున్నాను. కుంటలోకి వదలడానికి తొందరపడవద్దు. చేపలన్నీ ఏరి పూడ్చి, మిగిలిన నీటిని తోడివేసి, పైబురదను పారతో ఎత్తించి, అడుగు పూర్తిగా ఎండనివ్వండి. వానలు పడి కొత్త నీరు నిండుగా చేరిన తరువాతే వదలండి. ఈ సూక్ష్మజీవి విత్తనాలు మట్టిలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి కాబట్టి, వచ్చే వేసవిలో నీరు మోకాలి లోతుకు దిగగానే మళ్లీ కట్టేయవలసి ఉంటుంది. ఇప్పుడు కుంట నిండే వరకు ముక్కుతో సహా తల మునిగేంత లోతున్న సిమెంటు తొట్టి ఒకటి నీడలో పెట్టి, రోజూ నీరు మార్చితే బాతులకు చాలు. మందులు వాడిన బాతుల గుడ్లను ఎన్నాళ్లు తినకూడదో వైద్యం చేసినవారినే అడగండి. తేరుకున్న తరువాత, 8 వారాల వయసు దాటిన వాటన్నింటికీ బాతుల ప్లేగు టీకా వేయించండి. జబ్బుగా ఉన్న వాటికి ఇప్పుడే వేయకూడదు.