అప్‌డేట్: ఎనిమిదో తరగతి పఠన సామర్థ్యంపై పరిశోధన, ఖరారైన ప్రతిచయన పద్ధతి

మా జిల్లా ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఎనిమిదో తరగతి పిల్లల తెలుగు పఠన సామర్థ్యంపై చేస్తున్న ఎం.ఎడ్. పరిశోధనకు సాధారణ యాదృచ్ఛిక ప్రతిచయనం (మొత్తం పిల్లల జాబితా నుంచి నేరుగా లాటరీ తీసి నమూనా ఎంచుకోవడం) చాలునా, స్తరీకృత పద్ధతి (ముందు వర్గాలుగా విడదీసి, ఒక్కో వర్గం నుంచి ఎంచుకోవడం) కావాలా అని లోగడ ఇక్కడ అడిగాను. జిల్లాలోని విద్యార్థులందరి పేర్ల జాబితా నాకు దొరికే వీలు లేదు గనుక మొదటిది అక్కడే ఆగిపోయింది. యూడైస్ కోడ్‌లతో (ప్రతి బడికీ ఉండే ప్రభుత్వ గుర్తింపు సంఖ్యలతో) పాఠశాలల జాబితా మాత్రం ఉంది కాబట్టి, వాటిని గ్రామీణ, పట్టణ స్తరాలుగా విడదీసి, ఒక్కో స్తరం నుంచి అనుపాతంలో లాటరీ తీశాను.

ఎంత జనాభాకు ఎంత మంది నమూనా కావాలో చెప్పే క్రెజ్సీ, మోర్గన్‌ల 1970 నాటి పట్టికలోని 384 సంఖ్యను నమ్ముకొని, 20 బడుల్లో 20 మంది చొప్పున 400 చాలనుకున్నాను. అయితే మీలో ఒకరు హెచ్చరించినట్లు, ఆ లెక్క సాధారణ యాదృచ్ఛిక ప్రతిచయనానికే వర్తిస్తుంది. ఒకే బడి పిల్లల మార్కులు దగ్గరదగ్గరగా ఉంటాయి. ఆ పోలికను కొలిచే సహసంబంధం 0.2 అనుకుంటే డిజైన్ ఎఫెక్ట్ (ఇలా బడులవారీగా తీసుకున్నందుకు నమూనా ఎన్ని రెట్లు కావాలో చెప్పే సంఖ్య) 1 + (20 − 1) × 0.2, అంటే 4.8. నా 400 మంది సుమారు 83 మందితో సమానమన్నమాట! అందుకే 40 బడుల్లో 10 మంది చొప్పున తీసుకున్నాను. డిజైన్ ఎఫెక్ట్ 2.8కి తగ్గి, అదే 400 మంది దాదాపు 143 మందికి సమానమయ్యారు. బస్సు ఖర్చు రెట్టింపైంది, అది వేరే సంగతి.

ఒక బడిలో ప్రధానోపాధ్యాయులు "బాగా చదివేవాళ్లను పంపిస్తానండీ" అన్నారు. వినయంగా వద్దని, 60 పేర్ల హాజరుపట్టీలో చీటీ తీయగా వచ్చిన 4వ పేరు నుంచి ప్రతి 6వ పేరునూ గుర్తించాను. వారిలో ఇద్దరు ఆ రోజు రాలేదు. పక్క పేర్లతో భర్తీ చేయకుండా, వారికోసం మరుసటి వారం మళ్లీ వెళ్లాను.