ఏరోస్పేస్ వెల్డింగ్‌లో రోబోలొచ్చాయి కదా, మరి చేతిపని నేర్పించాలా?

టెక్కలి నాన్న:
మావాడు ఐటీఐలో వెల్డర్ ట్రేడు పూర్తిచేస్తున్నాడు. రాకెట్ భాగాలు చేసే షాపులో పనిచెయ్యాలని వాడి కోరిక. టిగ్ మీద, అంటే చేత్తో టార్చ్ పట్టి కరెంటు ఆర్క్‌తో లోహం అతికే పనిమీద, ఇంకో రెండేళ్లు పెట్టాలా, నేరుగా రోబో కోర్సుకి పంపాలా? చుట్టాలంతా రోబోకే పంపమంటున్నారు.

రాజాం కుర్రోడు:
వాళ్లన్నది నిజమే బాబాయ్. ఫ్రిక్షన్ స్టిర్ వెల్డింగ్ 1991లోనే ఇంగ్లండ్‌లోని టీడబ్ల్యూఐ అనే వెల్డింగ్ పరిశోధన సంస్థలో పుట్టింది. గిర్రున తిరిగే పిన్ను అతుకులోకి దిగి, అల్యూమినియాన్ని కరిగించకుండానే మెత్తబరిచి కలిపేస్తుంది. స్పేస్ షటిల్ బయటి ఇంధన ట్యాంకు పొడవాటి అతుకులకి దాన్నే వాడారు. ఆ పని ఏ చెయ్యీ చెయ్యలేదు. టార్చ్ వెలుగులో కళ్లు పాడుచేసుకోవడం ఎందుకు?

పైడిభీమవరం వెల్డర్:
ట్యాంకు సంగతి ఒప్పుకుంటాను తమ్ముడూ. అల్యూమినియం చేత్తో అతికితే, అతుకులో కరిగించి నింపే ఫిల్లర్ రాడ్ మన సముద్రపు గాలికి రాత్రంతా బయట ఉంటే చాలు, తేమలోని హైడ్రోజన్ బీడ్‌లో, అంటే అతుకు గీతలో, చేరి, మర్నాడు ఎక్స్‌రేలో సూదితో గుచ్చినట్టు చుక్కలు. లోహం కరగని చోట ఆ బాధే లేదు.

కానీ టైటానియం మాటేటి? గల్ఫ్‌లో ఓ షాపులో టైటానియం పైపు అతికి, టార్చ్ రెండు క్షణాలు ముందే ఎత్తేశాను. వేడి తగ్గకుండానే అతుక్కి గాలి తగలకుండా కాపాడే ఆర్గాన్ గ్యాస్ తప్పుకుంది, గాలి తగిలింది. వెండిలా మెరవాల్సిన బీడ్ చివర నీలం తిరిగింది. ఫోర్‌మన్ మాట్లాడకుండా అతుకంతా కోయించాడు. ఆ నీలం చూసినవాడు రోబోకి ప్రోగ్రామ్ రాస్తే, బీడ్ చల్లారేదాకా గ్యాస్ ఆగనివ్వడు. ఫిట్టప్‌లో, అంటే అతికే ముక్కల అమరికలో, గ్యాప్ పెరిగిందని సెన్సార్ చెబుతుంది, నిజమే. అప్పుడు కరెంటు ఎంత తగ్గించాలో ముందుగా దానికి నేర్పేది కరిగిన లోహాన్ని కళ్లతో చూసిన మనిషే. ఎక్స్‌రేలో తప్పు తేలిన చోట గ్రైండ్ చేసి మళ్లీ అతికేది చాలాసార్లు చేత్తోనే.

రాజాం కుర్రోడు:
ఆ చూపు రావడానికి నీకెన్నేళ్లు పట్టింది అన్నా? ఏటవాలుగా బిగించిన పైపు చుట్టూ అతికే 6జీ టెస్టు పాసైనవాళ్లు కూడా ఊళ్లో పని దొరక్క గల్ఫ్ విమానం ఎక్కుతున్నారు. ఇంట్లో అప్పు రెండేళ్లు ఆగుతుందా?

పైడిభీమవరం వెల్డర్:
అప్పు ఆగదు, నిజమే. నేనూ అందుకే వెళ్లాను. రెండేళ్లు వద్దు, ఆరు నెలలు టిగ్ మీద గట్టిగా కూర్చోబెట్టి, తర్వాత రోబో కోర్సులో చేర్చండి. బాబాయ్, ఆదివారం మీవాణ్ణి నా దగ్గరికి పంపండి. టైటానియం ముక్కలు కొన్ని దాచాను. ఒకటి కావాలనే నీలం చేసి చూపిస్తాను.

టెక్కలి నాన్న:
పొద్దున్న మొదటి బస్సుకే ఎక్కిస్తాను బాబూ.