టేరింగ్ అంటే క్షయా, ఖర్చా?

— డచ్చి సామెత ఒకటి సగమే గుర్తుంది: "దె టేరింగ్ నార్ దె నేరింగ్..." చివర ఏదో క్రియ. రాబడిని బట్టి ఖర్చు పెట్టుకోమని అర్థం. కానీ టేరింగ్ అంటే క్షయ కదా, జమాఖర్చుల్లోకి ఎలా వచ్చింది?

— చివర "జెట్టన్". టేరింగ్ "టేరన్" నుంచి వచ్చింది, ఉన్నదాన్ని తింటూ కరిగించడం అని. అన్నం అరగడాన్ని "వెర్‌టేరన్" అంటారు. మనిషిని తినేసే జబ్బు కాబట్టి అదే పేరు. డచ్చిలో జబ్బుల పేర్లు చాలావరకు ఇంత తేటగానే ఉంటాయి. డయాబెటిస్ చక్కెర జబ్బు, కంకషన్ మెదడు కుదుపు, న్యుమోనియా ఊపిరితిత్తుల వాపు.

— వాపు కాదండీ. "ఒంట్‌స్టేకింగ్" అంటే రాజుకోవడం, బండి ఇగ్నిషన్‌కీ అదే మాట. ఊపిరితిత్తులు అంటుకున్నాయి అనాలి.

— లాటిన్ ఇన్‌ఫ్లమేషన్‌లోనూ ఉన్నది మంటే. చిన్నపేగు మొదటి భాగమైన డ్యువోడినాన్ని డచ్చివాళ్లు పన్నెండు వేళ్ల పేగు అంటారని మురిసిపోతాం, ఆ పన్నెండు లాటిన్ పేరులోనే ఉంది, పన్నెండు వేళ్ల వెడల్పంత పొడవని. ఇవి పల్లెటూరి మాటలు కావు, చదువుకున్నవాళ్లు చేసిన అనువాదాలు. అయినా రోగికి అర్థమయ్యేలా చేశారు చూడండి, అదే నాకు నచ్చేది.

— అర్థమైతే చాలదు, సరిగ్గా ఉండాలి. అపెండిసైటిస్‌ను వాళ్లు "గుడ్డి పేగు రాజుకోవడం" అంటారు. గుడ్డి పేగు అంటే సీకం, పెద్దపేగు మొదలు; రాజుకునేది దానికి వేలాడే తోక. మన ఊళ్లలో ఇరవైనాలుగు గంటల నొప్పి అనేవారు, ఏ పేగో చెప్పకపోయినా ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి వస్తుందని చెప్పేది.

— డాక్టరుగారూ, టేరింగ్ దగ్గరికి రండి. మన క్షయ కూడా తరుగుదలే కదా, జబ్బుకి వాడినా, తిథికి వాడినా. అరవయ్యో సంవత్సరం పేరు క్షయ అని కొందరు, అక్షయ అని కొందరు. ఆ ఒక్క "అ" ఎవరు చేర్చారో గానీ ఏడాది పొడుగునా తరుగుదల అనుకోవడం ఇష్టం లేకే చేర్చి ఉంటారని నా నమ్మకం.

— సంవత్సరాల సంగతి వేరే పెట్టుకుందాం. టేరింగ్ అనగానే నాకు ఆ జబ్బుతోనే బాధపడ్డ డచ్చి కవి స్లౌవర్‌హోఫ్ గుర్తొస్తాడు. 1898లో పుట్టి 1936లో పోయాడు, ఓడల్లో డాక్టరు, అంతకంటే కవి. ఒక చోట నిలవలేని మనిషి పద్యాలు రాస్తే ఎలా ఉంటాయో ఆయన్ని చదివితే తెలుస్తుంది, అనువాదంలో సగం పోయినా సరే.

— ఆయన సముద్రం మీద రాసినవి నాకు ప్రాణం. కానీ టేరింగ్ అనే మాట ఈ రోజు వీధిలో తిట్టుగానే వినిపిస్తుంది. డచ్చివాళ్లు కలరా, టైఫస్, క్యాన్సర్ అన్నిటితోనూ తిడతారు. డాక్టర్లు మాత్రం ట్యూబర్క్యులోజె అనే అంటారు.

— అన్నీ బాగున్నాయి. ముందు పుట్టింది ఖర్చు టేరింగా, జబ్బు టేరింగా?

— స్లౌవర్‌హోఫ్ పద్యాలు తెలుగులోకి ఎవరైనా తెచ్చారా?